టేపులు రెండు చోట్ల పోయాయి

పోయిన నెల ఒక పాఠకుడికి జవాబు రాస్తూ అమెరికా సెనేటర్ ఆర్లెన్ స్పెక్టర్ పేరెత్తాను. చట్టసభకు నిలదీసే అధికారం ఉంటే సరిపోదు, దాన్ని ముందు దేనిమీద వాడాలో తెలిసి ఉండాలి అని చెప్పడానికి ఆయన్ను ఉదాహరణగా తీసుకున్నాను. ఫుట్‌బాల్ టేపుల వెంట పడ్డారని నాలుగు వాక్యాల్లో ముగించాను. ఆ నాలుగు వాక్యాలకే బోలెడు ఉత్తరాలొచ్చాయి. మూడింటికి ఇక్కడ జవాబిస్తున్నాను. 1995 నుంచి 2013 దాకా నేను ఫిలడెల్ఫియా శివారులో ఉంటూ ఆడిటర్‌గా పనిచేశాను. స్పెక్టర్ మా రాష్ట్రం సెనేటరే. ఆ రోజులన్నీ నాకు బాగా గుర్తు.

ప్రశ్న: అన్నయ్యగారూ, మా అబ్బాయి కుటుంబం ఫిలడెల్ఫియా దగ్గరే ఉంటుంది. మనవడికి ఫుట్‌బాల్ పిచ్చి. మీరు రాసింది ఫోన్లో చదివి వినిపిస్తే మావాడు ఒప్పుకోలేదు. "ఆట పేరు చెప్పి కోట్లు గడించేవాళ్లు సాక్ష్యం మాయం చేస్తే పిలిచి అడగడం తప్పా అమ్మా?" అన్నాడు. నాకూ నిజమేననిపించింది. మన దగ్గర క్రికెట్ పెద్దల్ని అలా నిలదీసే నాయకుడు ఒక్కడున్నాడా? అసలేం జరిగింది? మీకెందుకంత బాధ?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: చెల్లెమ్మా, మీ అబ్బాయి మాటలో న్యాయముంది. ముందు జరిగింది చెబుతాను.

2007 సెప్టెంబరులో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ అనే జట్టు న్యూయార్క్ జెట్స్‌తో ఆడుతూ, దొంగచాటుగా వీడియో తీస్తూ దొరికిపోయింది. అక్కడి ఫుట్‌బాల్‌లో కోచ్‌లు గీత బయట నిలబడి చేతి సైగలతో తమవాళ్లకు ఎత్తు చెబుతారు. అవతలి జట్టు సైగల్ని పేట్రియట్స్‌వాళ్లు కెమెరాలో పట్టేవాళ్లు. లీగ్ కమిషనర్ రోజర్ గుడెల్ కోచ్‌కి 5 లక్షల డాలర్లు, జట్టుకి 2.5 లక్షల డాలర్లు జరిమానా వేశారు. కొత్త ఆటగాళ్లను ఎంచుకునేటప్పుడు మొదటి రౌండులో ఆ జట్టుకున్న ఒక వంతు కూడా తీసేశారు. అంతవరకు బాగానే ఉంది. కానీ జట్టు దగ్గర్నుంచి తీసుకున్న ఆరు టేపుల్ని లీగ్‌వాళ్లే నాశనం చేశారు. ఇంకెవరైనా చూద్దామంటే ఏమీ మిగల్లేదు.

స్పెక్టర్ అప్పుడు సెనేట్ న్యాయవ్యవహారాల కమిటీలో రిపబ్లికన్ల పెద్ద. గుడెల్‌కి ఉత్తరాలు రాశారు. వెంటనే జవాబు రాకపోయేసరికి 2008 ఫిబ్రవరి 1న, సూపర్ బౌల్ ఫైనల్ ఇంకో రెండు రోజులుందనగా, విషయం పత్రికలకు చెప్పారు. కమిషనర్‌ని కమిటీ ముందుకు పిలుస్తామన్నారు. ఫిబ్రవరి 13న గుడెల్ వాషింగ్టన్ వచ్చి ఆయన ఆఫీసులో గంటన్నరకు పైగా కూర్చున్నారు. మే నెలలో, ఆ వీడియోలు తీసిన పాత ఉద్యోగిని స్పెక్టర్ స్వయంగా పిలిపించుకుని గంటల తరబడి మాట్లాడారు. మర్నాడు విలేకరుల ముందుకొచ్చి, లీగ్‌తో సంబంధం లేనివాళ్లతో విచారణ జరిపించాలన్నారు. ఆయనకు ఆ హక్కు లేదని నేననను. టీవీ హక్కులు జట్లన్నీ కలిసి ఒకే బేరంగా అమ్ముకునేందుకు 1961 నాటి చట్టం ఆ లీగ్‌కి ప్రత్యేక మినహాయింపు ఇచ్చింది. ఇచ్చింది చట్టసభే కాబట్టి, అడిగే హక్కూ చట్టసభకుంది.

ఆ ఫిబ్రవరి 1 శుక్రవారం. మా ఆఫీసు బ్రేక్ రూమ్‌లో కాఫీ మెషిన్ ముందు గుమిగూడి అందరూ ఇదే మాట్లాడుకున్నారు. 2005 సూపర్ బౌల్‌లో మా ఊరి ఈగిల్స్ జట్టు ఇదే పేట్రియట్స్ చేతిలో 24–21 తేడాతో ఓడిపోయింది. మూడేళ్లయినా ఆ మూడు పాయింట్లు ఎవరూ మర్చిపోలేదు. ఆకుపచ్చ ఈగిల్స్ టోపీ పెట్టుకునే ఒక పెద్దాయన, నాకంటే పదేళ్లు పెద్ద, కళ్లలో నీళ్లు పెట్టుకుని "చివరికి ఒక్కడైనా అడిగాడు" అన్నాడు. ఆయన్ని చూస్తే నాకూ గుండె నిండింది. ఆ మాట నేను దాచుకోను. ఆ పూట నేనూ స్పెక్టర్ పక్షమే.

ఇంటికెళ్లి వార్త పూర్తిగా చదివాక ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. టేపులు నాశనం చేయడం ఎలాంటి పనో చెబుతూ స్పెక్టర్ స్వయంగా ఒక పోలిక తెచ్చారు. ఇది సీఐఏ టేపులు నాశనం చేయడం లాంటిదేనన్నారు.

ఆ సీఐఏ టేపుల సంగతి వినండి. 2002లో అబూ జుబైదా, అల్ నషీరీ అనే ఇద్దరు ఖైదీల్ని సీఐఏ రహస్య జైల్లో పెట్టి విచారించింది. వాటర్‌బోర్డింగ్ చేసింది. అంటే మనిషిని బల్లకు కట్టేసి, మొహం మీద గుడ్డ కప్పి, మునిగిపోతున్నట్టు అయ్యేదాకా నీళ్లు పోయడం. జుబైదాకి అది 83 సార్లు చేశారని సీఐఏ సొంత ఇన్‌స్పెక్టర్ జనరల్ లెక్క. ఆ విచారణలు టేపుల మీద రికార్డయ్యాయి. మొత్తం 92 టేపులు. 2005 నవంబరులో వాటన్నిటినీ నాశనం చేశారు. అప్పుడు న్యాయవ్యవహారాల కమిటీ ఛైర్మన్ ఎవరో కాదు, స్పెక్టరే. దేశానికి ఈ సంగతి 2007 డిసెంబరులో తెలిసింది. స్పెక్టర్, అప్పటి ఛైర్మన్ పాట్రిక్ లేహీ కలిసి అటార్నీ జనరల్ (అక్కడి న్యాయశాఖ అధిపతి) మైకేల్ మ్యుకేసీకి వివరాలడుగుతూ ఉత్తరం రాశారు. ఇప్పుడు చెబితే విచారణలో రాజకీయ జోక్యం ఉన్నట్టు కనిపిస్తుందని మ్యుకేసీ నిరాకరించారు. 2008 జనవరి 30న అదే మ్యుకేసీ ఆ కమిటీ ముందే కూర్చున్నారు. వాటర్‌బోర్డింగ్ చట్టవిరుద్ధమా కాదా అంటే తేల్చి చెప్పలేదు. అదే మీకు చేస్తే అది చిత్రహింస అవుతుందా అని ఎడ్వర్డ్ కెనడీ అడిగితే, నాకైతే అలాగే అనిపిస్తుందన్నారు. అంతకుమించి ముందుకు రాలేదు.

అది బుధవారం. శుక్రవారానికి మన సెనేటర్ ఫుట్‌బాల్ టేపుల గురించి మాట్లాడుతున్నారు.

చెల్లెమ్మా, నా బాధ అదీ. రెండూ ఒకలాంటివేనని ఆయనకు తెలుసు, తన నోటితోనే చెప్పారు. ఒకచోట ఉత్తరానికి 'చెప్పను' అని జవాబొచ్చింది. ఇంకోచోట ఉత్తరానికి జవాబు ఆలస్యమైంది. ఆలస్యం చేసినవాళ్లను మే నెల దాకా వదల్లేదు. చెప్పనన్నవాళ్ల మీద ఆ పట్టుదల కనబడలేదు.

నా ఉద్యోగం మొదట్లో, 1984లో అనుకుంటాను, పశ్చిమ గోదావరిలో ఒక చిన్న పరపతి సంఘం ఆడిట్‌కి వెళ్లాను. సెక్రటరీ ఓచర్ల కట్ట నా ముందు పెట్టాడు. టీ, టిఫిన్, రిక్షా ఛార్జీలు. ఒక ఓచర్ మీద అంకె దిద్దినట్టు కనబడింది. 14 ని 44 చేశారు. పట్టుకున్నానన్న ఉత్సాహంతో మూడు రోజులు ఆ కట్ట వదల్లేదు. సెక్రటరీ కూడా ఓపిగ్గా పక్కన కూర్చుని ఒక్కొక్కటీ చూపించాడు. నాలుగో రోజు మా సీనియర్ వచ్చి ఓచర్లు పక్కకు జరిపి లోన్ లెడ్జర్ తెరిచాడు. పేజీ తర్వాత పేజీ, మార్చి 30న రైతు బాకీ తీర్చినట్టు, 31న అదే రైతుకి అంతే మొత్తం కొత్త అప్పు ఇచ్చినట్టు రాసి ఉంది. ఒక్క రూపాయి చేతులు మారలేదు. బుక్ అడ్జస్ట్‌మెంట్లు. వేలిముద్రలన్నీ ఒకే సిరాతో, ఒకే ఒత్తిడితో ఉన్నాయి. సీనియర్ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. సెక్రటరీ వైపు చూశాడు, అంతే. అతని మొహం పాలిపోయింది. మూడు రోజులు నేను అతనికి మేలు చేశాను. ఓచర్ దిద్దడం తప్పే. కానీ మాకిచ్చింది ఆరు రోజులు.

సెనేట్ కమిటీకీ అంతే. సభ్యులకు ఉండేవి కొన్ని గంటలు, కొద్దిమంది సిబ్బంది. దేన్ని ముందు తెరిచారన్నదే అసలు నిర్ణయం.

ఇక మీ అబ్బాయి వైపు నుంచే ఇంకోటి చెప్పాలి. ఫుట్‌బాల్ గురించే అడగాలనుకున్నా, అడగాల్సింది వేరే ఉంది. అదీ మా పెన్సిల్వేనియాలోనే ఉంది. పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌తో నాలుగు సూపర్ బౌల్స్ గెలిచిన మైక్ వెబ్‌స్టర్ 2002లో 50 ఏళ్లకే చనిపోయాడు. చివరి రోజుల్లో మతి స్థిమితం లేక తన ట్రక్కులోనే పడుకునేవాడు. పిట్స్‌బర్గ్‌లో పోస్టుమార్టం చేసిన బెనెట్ ఒమాలు అనే డాక్టర్ ఆ మెదడును పరీక్షించి, ఆటలో తలకు తగిలిన దెబ్బలతో వచ్చే జబ్బు ఆనవాళ్లు కనిపెట్టాడు. 2005లో వైద్య పత్రికలో రాశాడు. లీగ్ డాక్టర్లు ఆ వ్యాసం వెనక్కి తీసుకోమని పట్టుబట్టారు. 2006 నవంబరులో మా ఈగిల్స్ పాత ఆటగాడు ఆండ్రే వాటర్స్ ఆత్మహత్య చేసుకున్నాడు. వయసు 44. అతని మెదడు 85 ఏళ్ల వృద్ధుడి మెదడులా ఉందని ఒమాలు చెప్పిన మాట 2007 జనవరిలో పత్రికల్లో వచ్చింది. ఏడాది తర్వాత లీగ్ కమిషనర్ మా సెనేటర్ గదిలో కుర్చీ వేసుకుని గంటన్నర కూర్చున్నప్పుడు మాట్లాడింది టేపుల గురించి. తల దెబ్బల మీద గుడెల్‌ని గట్టిగా నిలదీసింది 2009 అక్టోబరులో, ప్రతినిధుల సభ కమిటీ. ఆ తర్వాత రెండు నెలల్లో లీగ్ నియమాలు మార్చింది. తల దెబ్బల ప్రభావం చాలాకాలం ఉండొచ్చని మొదటిసారి ఒప్పుకుంది. మీ మనవడికి తలకు దెబ్బ తగిలితే ఆరోజు మళ్లీ ఆడించకూడదని కోచ్ ఆపుతున్నాడంటే, దాని వెనక అలాంటి ప్రశ్నలున్నాయి.

మన దగ్గర సంగతి అడిగారు. మన పార్లమెంటు కమిటీలు సాక్షుల్ని పిలుస్తాయి, అడుగుతాయి. కానీ తలుపులు వేసుకుని అడుగుతాయి, టీవీలో రావు. అందుకే మీకు కనబడరు. అది మంచిదా చెడ్డదా అనేది ఇంకో ఉత్తరానికి ఉంచుదాం.

ప్రశ్న: సార్, నేను లా మూడో సంవత్సరం. అమెరికాలో బేస్‌బాల్ ఆటగాళ్లతో ప్రమాణం చేయించి సాక్ష్యం తీసుకున్న వీడియో చూశాను. మంత్రుల్లాంటి వాళ్లతో కూడా అలాగే చేయిస్తారా? ప్రమాణం లేకుండా చెప్పిన దానికి విలువ ఉండదా?
– ఒక విద్యార్థి, హన్మకొండ

జవాబు: బాబూ, మంచిచోటే పట్టుకున్నావు.

నువ్వు చూసింది 2005 మార్చి 17 నాటిది అయ్యుంటుంది. ప్రతినిధుల సభ కమిటీ పెద్ద పెద్ద ఆటగాళ్లను పిలిచి, నిలబెట్టి, కుడిచెయ్యి ఎత్తించింది. స్టెరాయిడ్లు వాడారా అని అడిగింది. ఆ విచారణను నేను తప్పుపట్టను. స్టెరాయిడ్ల వల్ల కొడుకుల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు కూడా ఆరోజు అదే బల్ల ముందు కూర్చుని చెప్పారు. ఆ ఏడాది నవంబరుకల్లా శిక్షలు కఠినమయ్యాయి.

ఇప్పుడు 2006 ఫిబ్రవరి 6కి రా. కోర్టు వారెంటు లేకుండా ప్రభుత్వం ఫోన్లు వింటోందని రెండు నెలల క్రితమే బయటపడింది. అటార్నీ జనరల్ అల్బెర్టో గొంజాలెస్ స్పెక్టర్ కమిటీ ముందుకొచ్చారు. ప్రమాణం చేయించాలని డెమొక్రాట్లు అడిగారు. వాళ్లకు కారణముంది. ఏడాది ముందు గొంజాలెస్ నియామకం విచారణలో రస్ ఫైన్‌గోల్డ్ సరిగ్గా ఇదే అడిగారు, వారెంటు లేకుండా వినే అధికారం అధ్యక్షుడికుందా అని. అది ఊహాజనితమైన ప్రశ్న అని గొంజాలెస్ దాటేశారు. అప్పటికే ఆ కార్యక్రమం మూడేళ్లుగా నడుస్తోంది. ప్రమాణానికి తనకు అభ్యంతరం లేదని కూడా గొంజాలెస్ అన్నారు. అయినా అవసరం లేదని ఛైర్మన్‌గా స్పెక్టర్ నిర్ణయించారు. ఓటింగ్ పెడితే ఆయన పార్టీవాళ్లు ఆయన వైపే నిలిచారు.

చట్టం ప్రకారం చూస్తే, ప్రమాణం లేకపోయినా కాంగ్రెస్‌కి తెలిసి అబద్ధం చెప్పడం నేరమే. శిక్ష కూడా అయిదేళ్ల దాకా ఉంది. స్పెక్టర్ వాదన కూడా అదే. పరీక్షలో అడిగితే అలాగే రాయి, మార్కులొస్తాయి. కానీ నా మటుకు నాకు అది చాలదు. రోజర్ క్లెమెన్స్ అనే బేస్‌బాల్ ఆటగాడు 2008 ఫిబ్రవరి 13న ప్రమాణం చేసి సాక్ష్యమిచ్చాడు. గుడెల్ స్పెక్టర్‌ని కలిసింది కూడా ఆ రోజే. క్లెమెన్స్ అబద్ధం చెప్పాడని కేసు పెట్టి, రెండుసార్లు కోర్టుకు ఈడ్చారు. 2012లో నిర్దోషిగా బయటపడ్డాడు. బంతి విసిరేవాడి మాట అంత గట్టిగా తూచిన చోట, దేశం ఫోన్లు వినే అధికారాన్ని సమర్థించేవాడి చెయ్యి ఎత్తించడానికి ఒక్క నిమిషం చాలు. ఆ నిమిషం చూసినవాళ్లకు ఇక్కడ అందరూ సమానమే అన్న నమ్మకం కలుగుతుంది. అది చట్టం పుస్తకంలో దొరకదు.

ప్రశ్న: అయ్యా, చనిపోయిన మనిషి గురించి కొంచెం కఠినంగా రాశారనిపించింది. హెబియస్ కార్పస్ హక్కు (ఎందుకు బంధించారని కోర్టులో అడిగే హక్కు) కోసం స్పెక్టర్ సొంత పార్టీనే ఎదిరించారని చదివాను. 2008లో సెనేట్‌లో ఆయన పార్టీ మైనారిటీలో ఉంది. అధ్యక్షుడే వద్దంటే ఒక్క సెనేటర్ ఏం చేయగలడు?
– ఒక రిటైర్డ్ టీచర్, విశాఖపట్నం

జవాబు: మాస్టారూ, ఆయన మీద గౌరవం నాకూ ఉంది. 30 ఏళ్లు సెనేటర్‌గా ఉన్నారు. క్యాన్సర్ చికిత్స జరుగుతుండగానే జుట్టు లేని తలతో కమిటీ నడిపారు. గొంజాలెస్ వాదనకు తర్కమే లేదని మొహం మీదే అన్నారు. తెలియక చేసుంటే నేను అసలు రాయను. ఆయనకు అన్నీ తెలుసు. అందుకే రాశాను.

మీరన్న హెబియస్ కార్పస్ సంగతే తీసుకోండి. 2006 సెప్టెంబరు 28న ఖైదీలకు ఆ హక్కు తీసేసే బిల్లు సెనేట్‌కి వచ్చింది. అది మనల్ని 900 ఏళ్లు వెనక్కి నెడుతుందన్నారు స్పెక్టర్. హక్కు నిలబెట్టే సవరణ తనే పెట్టారు. 48–51తో ఓడిపోయింది. అదే రోజు బిల్లు 65–34తో నెగ్గింది. ఆ 65లో ఆయన ఓటు ఉంది. కోర్టు సరిచేస్తుందిలే అనుకున్నారు. కోర్టు 2008 జూన్‌లో 5–4తో సరిచేసింది. అప్పటిదాకా లోపలున్నవాళ్లు లోపలే ఉన్నారు.

అదే ఏడాది, ఆయన ఛైర్మన్‌గా ఉండగా, టెలిఫోన్ కంపెనీలు కోట్లమంది కాల్ రికార్డులు ప్రభుత్వానికి ఇచ్చాయని వార్త వచ్చింది. కంపెనీల అధిపతులకు సమన్లు ఇస్తానన్నారు. ఉపాధ్యక్షుడు డిక్ చెనీ ఆయనకు తెలియకుండా కమిటీలోని రిపబ్లికన్లతో మాట్లాడి అడ్డుకున్నారు. స్పెక్టర్‌కి కోపమొచ్చి చెనీకి ఘాటుగా ఉత్తరం రాశారు. సమన్లు మాత్రం పక్కన పెట్టారు. ఛైర్మన్ సుత్తి చేతిలో ఉన్నరోజు ఫోన్ కంపెనీలను పిలవలేదు. సుత్తి చేతిలో లేని రోజు ఫుట్‌బాల్ లీగ్‌ని వదల్లేదు.

ఒక్కరు ఏం చేయగలరన్నారు. ఆ నెలల్లోనే జరిగిన సంగతి చెబుతాను. టేపులు పోయినా, ఆ విచారణల గురించి జైలు నుంచి పంపిన కేబుల్స్, అంటే రాతపూర్వక సందేశాలు, ఉన్నాయి కదా, కావాలంటే చూసుకోండి అన్నారు సీఐఏ డైరెక్టర్ మైకేల్ హేడెన్. ఇంటెలిజెన్స్ కమిటీ ఛైర్మన్ జే రాక్‌ఫెల్లర్ ఆ మాట పట్టుకుని ఇద్దరు ఉద్యోగుల్ని పంపారు. ఇద్దరే. కెమెరాలు లేవు, విలేకరుల సమావేశాలు లేవు. నెలల తరబడి కూర్చుని వేల కేబుల్స్ చదివారు. 2009 మొదట్లో వాళ్లు తెచ్చిన నివేదిక చూసి, మొత్తం కార్యక్రమాన్నే పరిశీలించాలని ఆ కమిటీ 14–1తో తీర్మానించింది. 2014 డిసెంబరులో డయాన్ ఫైన్‌స్టీన్ దాని సారాంశాన్ని దేశం ముందు పెట్టారు. సారాంశమే 500 పేజీలు దాటింది. అసలు నివేదిక 6,700 పేజీలకు పైనే.

స్పెక్టర్ 2012 అక్టోబరులో పోయారు, అది చూడలేదు. ఆ సారాంశం వచ్చేనాటికి నేను రాజమండ్రి వచ్చేశాను. సారాంశం ప్రింటు తీయించి, పైన మేడ మీద కూర్చుని రెండు వారాలు చదివాను. చాలాచోట్ల నల్లరంగు పూసిన వరుసలున్నాయి. మిగిలిన వరుసల్లో తేదీలున్నాయి, గంటలున్నాయి, ఎన్నిసార్లు నీళ్లు పోశారో ఉంది.